యాదమ్మ ఫోనుకి వచ్చిన ఓటీపీ

"మేడం, మీ ఫైల్సన్నీ ఈ నెలాఖరుకి డిలీట్ అయిపోతాయండి. ఇప్పుడొక ఓటీపీ వస్తది. అది నాకు చెబితే చాలు, మిగతాది నేను చూసుకుంటా."

ఇలాంటి ఫోన్ వస్తే భయస్తులు ఓటీపీ చెప్పేస్తారు. తెలివైనవాళ్లు ఫోన్ పెట్టేస్తారు. స్వరూప మాత్రం కుర్చీలో సర్దుకుని కూర్చుని, ఫోన్‌లో రికార్డింగ్ నొక్కింది.

ఆమె మిర్యాలగూడలో ఒక బ్యాంకులో క్లర్కు. సైబర్ మోసాల మీద ఖాతాదారులకు క్లాసు చెప్పే డ్యూటీ కూడా ఆమె మీదే పడింది. ఇన్నాళ్లుగా పేపర్లో చదివింది చెప్పడమే తప్ప, ఒక్క దొంగయినా స్వయంగా తనకు ఫోన్ చేయలేదే అని లోపల చిన్న వెలితి ఉండేది. ఇవాళ ఆ వెలితి తీరింది.

"అయ్యో, డిలీట్ అయితయా సార్? ఇంతకు తమరెవరు?"

"వీరేందర్ అండి. కోదాడ నుంచి."

"కోదాడల గూడ బ్రాంచి పెట్టిండ్రా మీరు?"

"బ్రాంచేం లేదండి, ఒకటే స్టూడియో."

"మంచిది. చెప్పండి సార్, ఏం ఫైల్సు?"

"మబ్బుబాక్స్ అని ఉంది కదండీ, ఆ కంపెనీ మూతపడుతోంది. అందులో మీ అమ్మగారు యాదమ్మ గారి నంబరు మీద అకౌంటుంది. ఆమె ఫోన్ ఎత్తట్లేదు. మీరు జర ఆమె పక్కన కూర్చుని..."

స్వరూప ముఖంలో నవ్వు ఆరిపోయింది. యాదమ్మ చనిపోయి ఏడాది దాటింది.

"ఏయ్! ఇంకోసారి మా అమ్మ పేరెత్తితే నాలుక కోస్త."

"అది కాదండీ, మీ అక్క పెళ్లి..."

"నా అక్క జోలికి గూడ పోతున్నవా? నీ గొంతు రికార్డయింది బిడ్డా. నీ పని చెప్త!"

ఫోన్ పెట్టేసి నంబరు బ్లాక్ చేసింది. అమ్మ పేరు బయటి మనిషి నోట విని ఎన్నాళ్లయిందో. అదీ ఒక దొంగ నోట వినాల్సి వచ్చిందని ఏడుపు వచ్చింది.

నిజానికి వీరేందర్ దొంగ కాడు. దొంగయితే పాపం ఇన్ని తిట్లు తినేవాడు కాదు.

కోదాడ బస్టాండు వెనక వీధిలో అతనికి పెళ్లి ఫోటోల స్టూడియో ఉంది. మబ్బుబాక్స్ అనే కంపెనీ కొత్త అకౌంటు తెరిచినవాళ్లకు ఇంటర్నెట్లో ఫైళ్లు దాచుకోవడానికి కొంత జాగా ఉచితంగా ఇచ్చేది. ఉచితం అనే మాట వినగానే మనవాడి బుర్ర చురుగ్గా పనిచేసింది. ఒక్కో పెళ్లికి ఒక్కో కొత్త అకౌంటు తెరిచి, ఆ పెళ్లి ఫోటోలు, వీడియోలు అన్నీ అందులో పడేసేవాడు. ఏ నంబరు మీద? పెళ్లికూతురి తల్లి నంబరు మీద. పెళ్లికూతురు అత్తారింటికి వెళ్లగానే సిమ్ము మారుస్తుంది. తండ్రి ఫోన్ ఎత్తడు. తల్లి మాత్రం నంబరు మార్చదని అతని అనుభవం. పాస్‌వర్డు గొడవ లేదు, ఆ నంబరుకి వచ్చే ఓటీపీతోనే తాళం తెరుచుకుంటుంది.

ఇక ఆల్బమ్‌లో ఏ ఫోటోలు వేయాలో ఏరి చెప్పాల్సింది పెళ్లివాళ్లు. దాన్నే సెలక్షన్ అంటారు. ఈ సెలక్షన్ దగ్గరే పెళ్లిళ్లన్నీ ఆగిపోతాయి. మా వాళ్లు తక్కువ పడ్డారని వీళ్లు, మీ వాళ్లు ఎక్కువయ్యారని వాళ్లు. పిల్లలు బడికి పోయే ఈడు వచ్చినా ఆల్బమ్ రాని ఇళ్లు కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేటల్లో బోలెడు.

"మబ్బులో భద్రంగా ఉన్నాయిలే" అన్న ధీమాతో వీరేందర్ పాత పెళ్లిళ్లన్నీ తన హార్డ్‌డిస్కులోంచి చెరిపి, కొత్త పెళ్లిళ్లకు చోటు చేసుకుంటూ పోయాడు. ఇప్పుడు ఆ మబ్బే విడిపోతోంది. మే నెలాఖరుకి కంపెనీ మూత. తీసుకోని ఫైళ్లన్నీ చెరిపేస్తామని మెయిలు వచ్చింది.

ఆ రోజు నుంచి ఊరూరికీ ఫోన్ చేసి ఓటీపీలు అడుక్కోవడమే అతని పని. సగంమంది తిట్టారు. కొందరు పోలీసులకు చెబుతామన్నారు. మేళ్లచెరువులో ఒకాయన మాత్రం ఎంతో నమ్మకంగా నంబరు చెప్పాడు. తీరా చూస్తే అది గ్యాసు బండది.

ఎలాగో తంటాలు పడి దాదాపు అన్ని పెళ్లిళ్లూ దించుకున్నాడు. మిగిలింది వసంత పెళ్లి. స్వరూప అక్క పెళ్లి. అప్పట్లో పుస్తకంలో రాసుకున్న స్వరూప నంబరుకి చేస్తే తిట్లు తిని బ్లాకులో పడ్డాడు. మిగతావి ఏవైనా పోతే తిట్లతో సరిపోతుంది, ఇది మాత్రం పోవడానికి వీల్లేదని వీరేందర్ గట్టిగా అనుకున్నాడు. కోదాడలో బండి ఎక్కి నేరుగా, పెళ్లిలో ఆమె నోట విన్న మిర్యాలగూడ బ్యాంకుకు బయల్దేరాడు.

సరిగ్గా ఆ శనివారమే స్వరూప క్లాసు పెట్టింది. మహిళా సంఘాల వాళ్లు హాలు నిండా కూర్చున్నారు. ముందు వరసలో తండా సంఘం లీడరు పుష్పాబాయి. గోడకు పెద్ద ఫ్లెక్సీ: 'మీ ఓటీపీ ఎవరికీ చెప్పకండి'.

"అక్కా, దొంగలెట్ల మాట్లాడతరో వినుండ్రి. ఎంత మర్యాదగ ఉంటదో సూడుండ్రి," అని స్వరూప రికార్డింగ్ పెట్టింది.

"మబ్బుబాక్స్ అని ఉంది కదండీ, ఆ కంపెనీ మూతపడుతోంది..." స్పీకర్లో గొంతు హాలంతా మోగింది.

"అబ్బ, ఎంత తీయగ మాట్లాడుతుండు!" అంది పుష్పాబాయి.

"గా తీపికే పడిపోతరు. గీ గొంతు గుర్తువెట్టుకోండ్రి."

అందరూ గుర్తుపెట్టుకున్నారు. అప్పుడే గుమ్మంలోంచి వినిపించింది.

"నమస్తే అండి. స్వరూప మేడం అంటే ఎవరండి?"

హాలంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. పుష్పాబాయి లేచి కొంగు నడుముకి చెక్కుకుంది.

"గాడే! గా తీపి గొంతోడే! తలుపేయుండ్రే!"

తర్వాత ఏం జరిగిందో వీరేందర్‌కి సరిగ్గా తెలియదు. కళ్లు తెరిచి చూసేసరికి ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. చుట్టూ ఆడవాళ్లు. ల్యాప్‌టాప్ బ్యాగు పుష్పాబాయి ఒళ్లో ఉంది.

"ఎంత ధైర్యముంటే బ్యాంకులకే వస్తవ్?" అంది స్వరూప. అయినా ఆమెకు లోపల ఏదో తేడా కొట్టింది. దొంగ ఇంత అమాయకంగా, ఇంత పొడుగ్గా ఉంటాడని ఏ పేపర్లోనూ రాయలేదు.

"మేడం, నేను ఫోటోగ్రాఫర్నండి. ఇదిగో కార్డు."

"దొంగలకు కార్డులుండయా?" అంది పుష్పాబాయి.

"మీ అక్క పెళ్లి నేనే తీశానండి!"

"అందరికి అక్కలుంటరు. అందరి అక్కలకు పెళ్లయితది," అంది స్వరూప.

వీరేందర్ ఆఖరి అస్త్రం తీశాడు. "గ్రూపు ఫోటోలో పొట్టేలు ఉందండి! మెడలో పూలదండ, నుదుట బొట్టు. ఇది గూడ మా ఇంటోడే అని మీ నాన్నగారు స్టేజీ ఎక్కించారు. అదే టైముకి మీ బావ మేనమామ పంక్తిలో కూర్చుని బగార అన్నం తింటున్నాడు. ఫోటోలో పొట్టేలు ఉంది, మేనమామ లేడు. దాని మీదే కదండీ గొడవయింది?"

ఆ గొడవ బయటివాళ్లకు తెలిసే అవకాశమే లేదు. ఇంట్లోవాళ్లే సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోరు. పెళ్లయి రెండేళ్లయినా సెలక్షన్ కాకపోవడానికి ఆ పొట్టేలే కారణం.

స్వరూప అతని ముఖంలోకి పరీక్షగా చూసింది. అప్పుడు గుర్తొచ్చింది.

"నువ్వా! పెళ్లంత నా ఎనకనే తిరుక్కుంట 'మేడం, జర పక్కకు జరగండి, లైటుకి అడ్డమొస్తున్నరు' అన్న కెమెరా ఆయనవు నువ్వేనా?"

"అవునండి. మీరు జరగనే లేదు."

"మా అక్క పెళ్లిల నేనెందుకు జరుగుత?"

ఆడవాళ్లందరూ పకపకా నవ్వారు. పుష్పాబాయి బ్యాగు తిరిగి ఇచ్చేసి, దోషికి స్వయంగా చాయ్ తెప్పించింది. చాయ్ గ్లాసు పట్టుకుని వీరేందర్ మామూలుగా అడిగాడు.

"అమ్మగారు బాగున్నరాండి?"

స్వరూప తల దించుకుంది. "అమ్మ లేదు. పోయిన సంవత్సరం పోయింది."

గ్లాసు అతని చేతిలో అలాగే ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా చెప్పాడు.

"అందులో ఆమె మాట ఉందండి. ఒక చిన్న వీడియో. కెమెరా వంక చూసి నాతో మాట్లాడింది. పెళ్లిళ్లలో మాతో ఎవరూ మాట్లాడరండి. జరుగు, ఒంగు, ఇటు తీయి అంటారు, అంతే. ఆమె ఒక్కతే మాట్లాడింది. అందుకే ఈ పెళ్లి వదలబుద్ధి కాలేదు."

స్వరూప ఇంట్లో అమ్మవి నాలుగైదు ఫోటోలు ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఈ మధ్య ఆ గొంతు ఎలా ఉండేదో తలుచుకుంటే సరిగ్గా గుర్తు రావడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేక ఒంటరిగా భయపడుతోంది ఆమె.

"ఎప్పటిదాంక ఉంటది గది?"

"సోమవారం దాకా. ఆ తర్వాత ఎవరి తరమూ కాదండి."

అమ్మ ఫోన్ నాన్న ఐలన్న దగ్గర ఉంది. ఐలన్న గొర్రెల మందతో సూర్యాపేట అవతల ఉన్నాడు. వరి కోతలయ్యాక రైతులు ఎరువు కోసం పొలాల్లో మంద పెట్టించుకుంటారు. స్వరూప అక్కడికక్కడే ఫోన్ చేసింది.

"నాన్నా, ఇప్పుడు అమ్మ ఫోనుకు ఒక నంబరొస్తది. జర సూసి చెప్పు."

అటు నుంచి కొంచెంసేపు గొర్రెల అరుపులు మాత్రమే వినిపించాయి.

"ఓటీపీనా?" అన్నాడు ఐలన్న.

"ఔ."

"చెప్ప."

"నాన్నా, నేను స్వరూపను!"

"గట్లనే అంటరు. నువ్వే చెప్పినవ్ గద, బ్యాంకోళ్లడిగినా చెప్పొద్దు, బిడ్డనని చెప్పినా చెప్పొద్దు, గిప్పుడు గొంతులు గూడ కంప్యూటర్ల తయారు చేస్తుండ్రు అని. నా బిడ్డసొంటి గొంతు చేసినవ్. మంచిగనే చేసినవ్. పెట్టెయ్."

ఫోన్ కట్ అయింది. వీరేందర్ నవ్వాపుకోవడానికి చాయ్ గ్లాసు మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

"నవ్వకు!"

"మీరు క్లాసు బాగా చెబుతారండి."

మర్నాడు ఆదివారం. వీరేందర్ బండి మీద ఇద్దరూ సూర్యాపేట దారి పట్టారు. ఓటీపీ వచ్చిన కొద్ది నిమిషాల్లోనే కొట్టాలి కాబట్టి ల్యాప్‌టాప్‌తో సహా మనిషి అక్కడ ఉండాల్సిందే. స్వరూప తనకూ అతనికీ మధ్య ల్యాప్‌టాప్ బ్యాగు సరిహద్దులా పెట్టుకుని కూర్చుంది.

రైసు మిల్లులు దాటేసరికి ఆకాశం నల్లబడింది. రోడ్డు పక్కన ఆరబోసిన వడ్ల మీద జనం ఆదరాబాదరాగా టార్పాలిన్లు కప్పుతున్నారు. మొదటి చినుకు స్వరూప ముక్కు మీద పడింది.

"ల్యాప్‌టాప్ తడుస్తది! ఆపు!"

"నేను కూడా తడుస్తానండి."

"నువ్వారుతవ్. గది ఆరది."

స్వరూప దూరాలోచన గల పిల్ల. క్లాసు ఫ్లెక్సీని మడిచి సంచిలో తెచ్చుకుంది. దాన్ని విప్పి ల్యాప్‌టాప్ మీదా తన మీదా కప్పుకుంది. ఒక చివర మిగిలితే, కాస్త ఆలోచించి, అతని వీపు మీద కూడా లాగింది. అలా ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని దారిపొడుగునా చాటుకుంటూ, ఓటీపీ అడగడానికి ఇద్దరూ వానలో వెళ్లారు. ఎదురొచ్చే లారీ డ్రైవర్లు హారన్లు కొట్టి మరీ చదివారు.

వాన ఎక్కువయ్యాక ఒక చాయ్ కొట్టు రేకుల కింద ఆగారు.

"ఒక సంగతి అడుగుత. నిజం చెప్పాలె. నేను లైటుకు నిజంగనే అడ్డమొచ్చిన్నా?" అంది స్వరూప, జడ పిండుకుంటూ.

వీరేందర్ చూపు ఆ జడ మీదకు వెళ్లి, టక్కున చాయ్ గిన్నె మీదకు మళ్లింది.

"లేదండి."

"మరి?"

"జరగండి అంటే మీరు తిడుతుండె. ఆ తిట్టు మళ్లీ వినాలని."

"తిట్లు వినాల్నంటే మా నాన్న కాడికి పోతున్నం గద, ఆగు, కావల్సినన్ని దొరుకుతయి," అని ముఖం అటు తిప్పుకుంది. అటువైపు చూడ్డానికి వాన తప్ప ఏమీ లేదు. అయినా ఆమె చాలాసేపు అటే చూసింది.

సూర్యాపేట దాటాక, కోసిన వరి పొలంలో గొర్రెలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ముద్దగా నిలబడి ఉన్నాయి. వాన వెలిసింది. ఐలన్న భుజం మీద గొంగడి, చేతిలో కర్ర. కూతుర్ని చూసి ముఖం విప్పారింది. వెనక ఉన్న మనిషిని చూసి మళ్లీ ముడుచుకుంది.

"ఈనెవరు?"

"నమస్తే బాబాయ్..." అన్నాడు వీరేందర్. అనగానే నాలుక కరుచుకున్నాడు. ఆమె తండ్రిని బాబాయ్ అంటే ఆమె తనకేమవుతుందో మెదడుకి ఆలస్యంగా తట్టింది. "...అంటే, నమస్తే మామా."

ఐలన్న కర్ర నేలకు ఆనించాడు. "ఇప్పుడే బాబాయ్ అంటివి?"

"వానకి నాలుక జారిందండి."

"మామ అన్నప్పుడా, బాబాయ్ అన్నప్పుడా?"

స్వరూప తండ్రి గొంగడి చాటుకు జరిగి నవ్వు దాచుకుంది. "నాన్నా, అక్క పెళ్లి ఫోటోలు తీసినాయన. ఫోటోలన్నీ మబ్బుబాక్సుల ఉన్నయి, గది మూతవడుతుంది. అమ్మ ఫోను తియ్యి."

వీరేందర్ గట్టు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు. స్వరూప ఫోన్లోంచి నెట్ ఇచ్చింది. రెండు గొర్రెలు వచ్చి తెర వంక చూశాయి.

ఐలన్న అంగీ లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో ఒక బటన్ ఫోన్. యాదమ్మ పోయినా ఆ ఫోనుకు అతను రీచార్జి ఆపలేదు. రోజూ దగ్గరి ఊళ్లో ఎవరి ఇంట్లోనో బతిమాలి చార్జింగు పెట్టించుకుంటాడు. ఆ సంగతి కూతుళ్లకు తెలుసు. తెలిసినట్టు ఉండరు.

ఫోన్ టింగుమంది. ఓటీపీ వచ్చింది.

"చెప్పు నాన్నా. ఎదురుంగనే ఉన్న, కంప్యూటర్ గొంతు గాదు."

ఐలన్న ఫోన్ వంక చూశాడు.

"జల్దీ చెప్పు, టైమైపోతది!"

"వద్దు బిడ్డా."

"ఎందుకు? పొట్టేలు గొడవనా? బావ మేనమామ గురించా?"

"అవును, గా పంచాయితి తెగలేదు గద. వాళ్లు పొట్టేలును తీసెయ్యాలంటరు..."

"నాన్నా!"

ఐలన్న గట్టు మీద కూలబడ్డాడు. అంత మనిషీ ఒక్కసారిగా చిన్నగా కనిపించాడు.

"గొడవ గాదు బిడ్డా. గదొక సాకు. గా మబ్బుబాక్సు తెరిస్తే మీ అమ్మ కనవడుతది. నవ్వుకుంట తిరుగుతది. గది ఆగినంక మల్ల లేదని తెలుస్తది. ఒక్కసారి తెలిసింది సాలదా? గీ ఫోను మోగినప్పుడల్ల మీ అమ్మకే వచ్చిందనుకుంట. గంతే నాకు సాలు."

స్వరూప తండ్రి పక్కన కూర్చుంది. టైము అయిపోయి తెర మీద గడి ఖాళీ అయింది. వీరేందర్ తెర కాస్త పక్కకు తిప్పాడు.

"నాకు అమ్మ గొంతు మర్చిపోతున్నట్టుంది నాన్నా," అంది చివరికి. "నిన్న రాత్రి ఎంత తలుసుకున్నా నన్నెట్ల పిలిచేదో యాదికి రాలేదు. భయమైతుంది."

ఐలన్న కూతురి వంక చూశాడు. తర్వాత వీరేందర్ వైపు తిరిగి, "మల్ల పంపియ్యి," అన్నాడు.

మళ్లీ టింగుమంది. ఈసారి ఐలన్న ఫోన్ కంటికి దూరంగా పట్టుకుని, ఒక్కో అంకె గట్టిగా, గొర్రెలు కూడా వినేటట్టు చదివాడు. చివరి అంకె దగ్గర ఆగి, "గిది ఎవ్వలికి చెప్పొద్దు," అన్నాడు అలవాటుగా.

తాళం తెరుచుకుంది. వీరేందర్ ఎక్కడా వెతుక్కోలేదు. ఆ వీడియో ఎక్కడుందో అతనికి తెలుసు. దించాడు, తెర తండ్రీకూతుళ్ల వైపు తిప్పాడు.

పందిట్లో యాదమ్మ. పచ్చ చీర, చేతిలో నీళ్ల చెంబు. కెమెరాకి బాగా దగ్గరగా వచ్చింది.

"ఓ కెమెరా బిడ్డా, తిన్నవా? అబద్ధమాడకు, మొఖం సూస్తే తెలుస్తలేదా? పొద్దుగాల సంది అందరి ఫోటోలు తీస్తివి, నీకు బుక్కెడు బువ్వ పెట్టినోళ్లు లేరు. ఓ స్వరూపా! సరూ! గీ పిలగానికి ఇస్తరెయ్యి. దగ్గరుండి పెట్టు."

ఎక్కడి నుంచో స్వరూప గొంతు: "నాకు గదే పనా అమ్మా? పెద్దోడే గద, పెట్టుకొని తింటడు!"

"పెట్టుకొని తినే రకం గాదే ఈడు. అడగనన్న అడగడు." యాదమ్మ నవ్వింది. అంతలో కెమెరా ఇంకా తనవైపే ఉందని గమనించి కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. "ఇగ బంద్ జెయ్యి బిడ్డా, నా మొఖం ఏం సూస్తరు?"

అక్కడితో ఆగిపోయింది.

సరూ. అమ్మ పిలిచేది అట్లాగే. స్వరూప మోకాళ్లలో ముఖం దాచుకుని ఏడ్చింది. ఐలన్న ఏడవలేదు. "ఇంకోపాలి పెట్టు," అన్నాడు. పెట్టాడు. "ఇంకోపాలి." పెట్టాడు. గొర్రెలు అటూ ఇటూ పోతున్నా కాపరి చూడలేదు. మళ్లీ మళ్లీ చూశాక అతని ముఖంలో కొద్దిగా నవ్వు వచ్చింది. చూస్తే పోయినట్టు తెలుస్తుందని భయపడ్డాడు గానీ, చూస్తే ఆమె మళ్లీ మాట్లాడుతుందని అనుకోలేదు.

కండువాతో ముఖం తుడుచుకుని కూతుర్ని అడిగాడు.

"మీ అమ్మ పెట్టుమన్నది ఎవలికి?"

"ఈనకే."

"పెట్టినవా?"

స్వరూప తల అడ్డంగా ఊపింది.

"రెండేండ్ల సంది పస్తున్నడేందే పిలగాడు!" ఐలన్న తన సద్ది గిన్నె ముందుకు జరిపాడు. "పెట్టు. మీ అమ్మ చెప్పినట్టు, దగ్గరుండి పెట్టు. నేను మందను మళ్లేసుకొస్త." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఏం అల్లుడా, మామ అన్నంక సిగ్గుపడొద్దు. తిను."

అన్నం, పచ్చిపులుసు, వేయించిన ఎండుమిర్చి. స్వరూప గిన్నె మూతలో వడ్డించింది. వీరేందర్ తల వంచుకుని తింటున్నాడు.

"ఆ రోజు నిజంగనే తినలేదా?"

"లేదండి. మీరొచ్చి పిలుస్తారేమోనని పంక్తి పక్కనే నిలబడ్డా. పందిరి విప్పేవాళ్లు వచ్చి జరగమన్నారు."

"పిచ్చోనివా ఏంది?"

"అప్పటికి కాదండి. ఆ తర్వాతే అయ్యాను."

స్వరూప ఇంకో ముద్ద వడ్డించింది. "మరి గింత దూరం అమ్మ వీడియో కోసమే వచ్చినవా?"

"అమ్మగారి కోసమే వచ్చానండి." ఒక క్షణం ఆగి కళ్లెత్తాడు. "మీ కోసం కూడా వచ్చాను. రెండేళ్లుగా రావాలని ఉంది, వంక దొరకలేదు. ఆ కంపెనీ మూతపడి నాకు పుణ్యం కట్టుకుంది."

"ఇగ ఆ 'అండి' బంద్ చెయ్యి. విని విని దొంగలెక్క అనిపిస్తున్నవ్."

"సరే అండి."

ఆ సాయంత్రం సూర్యాపేటలో వసంత ఇంట్లో మిగతా ఫైళ్లన్నీ దించారు. వసంత, ఆమె భర్త దామోదర్, మేనమామతో సహా అందరూ తెర ముందు కూర్చున్నారు. యాదమ్మ మాట విన్నాక పొట్టేలు గురించి మాట్లాడే నోరు ఎవరికీ లేకపోయింది. రెండేళ్లుగా తెగని సెలక్షన్ ఒక్క దెబ్బకు తెగింది. గ్రూపు ఫోటోలో మేనమామను వీరేందర్ కంప్యూటర్లో అతికించాడు. ఖాళీ ఎక్కడా లేక పొట్టేలు పక్కనే అతికించాల్సి వచ్చింది. మేనమామ ఆ ఫోటో చూసి, తన ఫోటోలన్నింట్లో అదే బాగుందని అన్నాడు.

సోమవారం గడిచాక మబ్బుబాక్స్ తెరిస్తే ధన్యవాదాలు అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు. మర్నాడు స్వరూపకు కోదాడ నుంచి ఫోన్ వచ్చింది. ఆ నంబరు ఇప్పుడు బ్లాకులో లేదు.

"మేడం, మీ అకౌంటు శాశ్వతంగా క్లోజయింది."

"అయితే అయింది. ఆదివారం నాన్న, అక్క, బావ కోదాడకు వస్తుండ్రు. మీ వాళ్లను ఇంటి కాడ ఉండమను."

అటు నుంచి చాయ్ గ్లాసో ఏదో కిందపడిన చప్పుడు.

"పొట్టేలును కూడా తెస్తున్నరా?" అన్నాడు తేరుకుని.

"గ్రూపు ఫోటో ఉంటే తెస్తరు."

"సరే. ఒక్క మాట. ఆ రికార్డింగ్ మాత్రం డిలీట్ చెయ్యి. మొన్న మిర్యాలగూడ బస్టాండులో చాయ్ అడిగితే, కొట్టామె నా గొంతు విని గల్లాపెట్టెకు తాళమేసింది."

"చెయ్య."

"ఎందుకు?"

స్వరూప కిటికీలోంచి బయటికి చూసింది. సన్నగా వాన మొదలైంది. నవ్వుతూనే చెప్పింది.

"మనుషుల గొంతు ఒక్క కాడనే పెట్టొద్దని తెలిసొచ్చింది. అమ్మ వీడియో పక్కనే నీది గూడ పెట్టిన. ఫోన్ల, పెన్‌డ్రైవుల, అక్క ఇంట్ల. మూడు కాడ్ల."